పురుగు కొరికిన ఆకు

గుట్టకింది తండాలో ఏ ఇంటి కోడలికైనా నెల తప్పిందంటే ఆ కబురు నాకంటే ముందు కమలాబాయికి చేరుతుంది. అంగన్‌వాడీ టీచర్ని నేను. పేరు రాసుకోవలసిందీ, బరువు చూడవలసిందీ, గుడ్డు పెట్టవలసిందీ నేనే. అయినా మొదటి కబురు ఆమెకే. నెల తప్పిన పిల్లకు అన్నం సయించదు, నోరు చేదెక్కుతుంది. అప్పుడు ఆ పిల్ల అత్త పోయి కమలాబాయి ఇంటి ముందు నిలబడి, జర పుల్లటి కూర ఏదన్నా తెచ్చిపెట్టమని అడుగుతుంది. కమలాబాయి కాదనదు. మర్నాడు పొద్దున్నే కొంగు నడుముకు చుట్టి బయలుదేరుతుంది.

నేను మరిపెడ నుంచి రోజూ ఆటోలో ఈ తండాకు వస్తాను. ఎనిమిదేళ్లయింది. నాకు నోరెక్కువ. ఆ సంగతి మా ఇంట్లో తెలుసు, ఆటోవాళ్లకు తెలుసు, నెలనెలా మీటింగు పెట్టే మా సూపర్‌వైజర్‌కు ఇంకా బాగా తెలుసు. వచ్చిన కొత్తలో నేను కమలాబాయిని పలకరించింది కూడా తిట్టుతోనే. మా సెంటర్ వెనక నీడలో కూర్చుని ఒడిలో ఏవో కలుపు మొక్కలు వేసుకుని ఏరుతోంది. ఆకుల నిండా చిల్లులు.

“పురుగులు తిన్న ఎంగిలి తెచ్చి కడుపుతోని ఉన్నోళ్లకు పెడ్తవా? నీకేమన్న తెలివున్నదా?” అన్నాను.

ఆమె తలెత్తి నన్ను తీరిగ్గా చూసింది. “నువ్వు మరిపెడల కొనే తోటకూరకు చిల్లులుంటయా టీచరమ్మా?”

“ఎందుకుంటయి? మంచిగ నిగనిగలాడుతది.”

“పురుగు గూడ ముట్టని దాన్ని నువ్వు తింటున్నవన్నట్టు” అని మళ్లీ తల వంచుకుని ఏరుకోవడం మొదలుపెట్టింది.

మా ఆయా సరోజ లోపల పప్పు గిన్నె కలుపుతూ పకపకా నవ్వింది. నేను నోరు మూసుకున్న రోజులు నా జన్మలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అది వాటిలో ఒకటి.

తర్వాత్తర్వాత ఆమె వెనక పడి నేర్చుకున్నాను. గంగవాయిలి, తుమ్మి, గునుగు, చెంచలి, పొన్నగంటి, ఎలుకచెవుల కూర. ఇరవై రెండు రకాలు చెప్పింది, నాకు తొమ్మిది గుర్తున్నాయి. ఏది బాలింతకు, ఏది నెల తప్పినామెకు, ఏది వేడి చేస్తుందో చెప్పేది. అన్నిటికీ ఒకటే నియమం. చిల్లు లేని ఆకు తెంపకూడదు. మందు పడ్డ చేనులో పురుగు బతకదు కాబట్టి, పురుగు తిన్నదంటే మనిషి తినొచ్చు. ఈ మాటను నేను మా మీటింగులో నా సొంత తెలివి లాగా చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ఈ చుట్టుపక్కల ఒక పద్ధతి ఉంది. చేనులో ఒక్క మిరపకాయ తెంపినా చేనుగలాయన ఊరుకోడు. దానంతటది మొలిచిన కూర మాత్రం ఎవరిదీ కాదు. ఏ ఊరి మనిషైనా, ఏ కులం మనిషైనా, ఎవరి చేనులోనైనా దిగి ఒడినిండా తెంపుకోవచ్చు. అడగనక్కర్లేదు. అడిగితే, కూరకు కూడా అడుగుతారా అని నవ్వుతారు. అడగడం చేనుగలాయన్ను పిసినారి అన్నట్టు లెక్క. కమలాబాయి యాభై ఏళ్లుగా ఎవర్నీ అడగలేదు, ఎవరూ ఆమెను ఎందుకొచ్చావనలేదు. ఎంత మంచి పద్ధతి అనుకునేదాన్ని.

ఆమె భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కడే కొడుకు, అమర్‌సింగ్. ట్రాక్టర్ నడుపుతాడు. కోడలు అనిత రేగొండ అవతలి తండా పిల్ల, ఇరవై మూడేళ్లు. నెమ్మదస్తురాలు. నేను పది మాటలంటే ఒక మాట అంటుంది, అదీ నేల చూసుకుంటూ. పెళ్లయిన ఐదేళ్లలో రెండు కాన్పులు పోయాయి. మొదటిది ఐదో నెలలోనే జారిపోయింది. రెండోది ఆడపిల్ల, కిలోన్నర కూడా లేదు, మూడు రోజులుండి పోయింది. ఇంత బట్టలో చుట్టి కమలాబాయే ఎత్తుకుపోయింది.

మూడోసారి నెల తప్పినప్పుడు అమర్‌సింగ్ పెదనాయిన హరిలాల్ వచ్చి వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. తండాలో పెద్దమనిషి. ఆయన మాట మీద మాట తీయడం ఎవరికీ అలవాటు లేదు. “ఈపారి గూడ నిలువకపోతే పిల్లను తల్లిగారింటికి తోలి వేరే సంబంధం చూద్దాం” అన్నాడు. మేకను మార్చుకుందాం అన్నంత తేలిగ్గా అన్నాడు. నేను అక్కడే ఉన్నాను, ఆ ముసలాయన్ను నిలబెట్టి కడిగేయాలనిపించింది. కమలాబాయే ముందు లేచింది.

“నా కోడలు ఏడికీ పోదు బావా. ఈ పిల్ల నిలుస్తది. నేను నిలబెడ్త” అంది.

నాలుగో నెలలో రక్తం చూస్తే ఆరు పాయింట్ తొమ్మిది. పన్నెండు ఉండవలసిన చోట ఆరు తొమ్మిది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇచ్చిన ఐరన్ మాత్రలు ఏమయ్యాయని నిలదీస్తే అనిత నేలచూపులు. చివరికి సరోజ కనిపెట్టింది. కోళ్లగూడు పక్కన సొరపాదు మొదట్లో ఒక్కొక్కటీ గుచ్చి పెడుతోందట. వేసుకుంటే వాంతులవుతున్నాయని చెప్పడానికి భయం, పారేయడానికీ భయం.

“సొరకాయకు రక్తం పట్టించి ఏం జేస్తవే? దాన్ని కంటవా?” అని అరిచాను. పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపు చూశాక నా గొంతంటే నాకే అసహ్యమేసింది. గోడకున్న బొమ్మల చార్టు దగ్గరికి అత్తాకోడళ్లిద్దర్నీ లాక్కెళ్లి వేలు పెట్టి చూపించాను. “మాత్ర అన్నం తిన్నంక రాత్రి వేస్కో. ఇగో, పప్పు, గుడ్డు, పల్లీలు, బెల్లం. అన్నిటికంటే ముందు ఆకుకూర. దినాం తినాలె. ఒక్క దినం గూడ తప్పొద్దు.”

“దినామా?” అంది కమలాబాయి.

“దినాం.”

“గది నా పనే గద. నువ్వు ఫికర్ జేయకు.”

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో తిండి వరస మారిపోయింది. తండాలో కోడలు తినేది అందరి తర్వాత. మగవాళ్లు తిని, పిల్లలు తిని, అత్త తిని, గిన్నెలో అడుగూ బొడుగూ మిగిలితే అది కోడలిది. కమలాబాయి ఆ పద్ధతిని ఒక్క పూటలో ఎత్తి అవతల పడేసింది. ముందు అనితకు పెడుతుంది. తినేదాకా ఎదురుగా కూర్చుంటుంది. కొడుకు ఆకలని వస్తే, “ఆగు, నీ బిడ్డ తింటున్నది” అంటుంది. అమర్‌సింగ్ నవ్వుకుంటూ బయట కూర్చునేవాడు. అనితకు మొదట్లో సిగ్గుతో ముద్ద దిగేది కాదు. తర్వాత అలవాటైంది. పుల్లటిది కావాలని తనే అడగడం నేర్చుకుంది. ఆ పిల్ల నోరు తెరిచి ఒకటి కావాలనడం నేను వినడం అదే మొదటిసారి.

ఆరో నెలలో ఎనిమిది. ఏడో నెల చివర తొమ్మిది నాలుగు. నర్సమ్మ చీటీ చూపిస్తే కమలాబాయి దాన్ని తిరగేసి, బోర్లేసి చూసి రవికెలో పెట్టుకుంది. కడుపు కూడా బాగా ఎత్తుగా వచ్చింది. “కడుపుతో ఉన్నమ్మ కనక మానదు, వండినమ్మ తినక మానదు” అని సరోజ ఆటపట్టిస్తే అనిత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను మీటింగులో ఈ కేసు గురించి గొప్పగా చెప్పుకున్నాను. మాత్రల కంటే నా మాట బాగా పనిచేసిందని కూడా అన్నట్టు గుర్తు.

వానలు వెనకపట్టాయి. నవంబర్ వచ్చేసరికి గుట్ట మీదా, బీళ్లలోనూ కూర ఎండిపోయింది. పత్తి చేలల్లో గడ్డిమందు కొట్టడంతో కలుపన్నది లేదు. పచ్చగా మిగిలినవి మిరప తోటలే. పైపులతో బొట్టు బొట్టుగా నీళ్లు పెడతారు కాబట్టి మిరప మొదళ్లలో గంగవాయిలి లేతగా, ఎర్రటి కాడలతో, ఒత్తుగా పెరిగింది. కానీ మిరపకు తామర పురుగు పట్టిన యేడు అది. నాలుగైదు రోజులకొకసారి మందు కొట్టాల్సిందే. కమలాబాయికి అది తెలియకపోవడమేమిటి? మందు కొట్టేవాళ్లకు డ్రమ్ముల్లోకి నీళ్లు మోసి, కట్టెతో మందు కలిపే కూలికి తనే పోతోంది ఆ వారమంతా. తాను పనిచేసిన తోటలో ఆకు ముట్టదు. వేరే తోటల్లోకి పోయి ఆకు తిప్పి చూసుకుంటుంది. చిల్లుంటేనే తెంపుతుంది.

మా సెంటర్ ముందు నుంచే పోయేది. ఒడిలోకి తొంగి చూసి, “మస్తుగున్నది అవ్వా, గిట్లనే పెట్టు” అనేదాన్ని. ఎక్కడ తెంపావని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. నోరెక్కువ అన్నాను కదా. చెప్పడానికే ఎక్కువ, అడగడానికి కాదు.

ఆ గురువారం కమలాబాయి కూలికి పోలేదు. తొమ్మిదో నెల నడుస్తున్న అనితకు గంగవాయిలి పప్పు మీద మనసైంది. చింతపండు గట్టిగా వేసి చేయమంది. కమలాబాయి పొద్దెక్కాక కాలువ దాటి పోయి ఒడినిండా తెచ్చింది. అన్నంలో కలిపి అనితకు పెట్టింది. అనిత రెండుసార్లు పెట్టించుకుంది. గిన్నెకు అంటుకున్నది కమలాబాయి రొట్టె ముక్కతో తుడుచుకుని తిన్నది. అమర్‌సింగ్ ట్రాక్టర్ మీద పోయి ఇంట్లో లేడు. అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర.

రెండింటికి సరోజ చెప్పుల్లేకుండా ఉరికొచ్చింది. “టీచరమ్మా, అనిత ఎట్లనో జేస్తున్నది.”

నేను పోయేసరికి పిల్ల చాప మీద వంకర తిరిగి పడి ఉంది. నోట్లోంచి నురగ లాంటి చొంగ ఆగకుండా కారుతోంది. ఒళ్లంతా చెమట. వాంతులు, విరేచనాలు ఒకేసారి. కళ్లు తెరిచి చూస్తే నల్లగుడ్డు నడిమి చుక్క ఆవగింజంత అయిపోయింది. చేతులు వాటంతటవే వణుకుతున్నాయి. కమలాబాయి ఆ తలను ఒళ్లో పెట్టుకుని కొంగుతో నోరు తుడుస్తోంది, మళ్లీ కారుతోంది, మళ్లీ తుడుస్తోంది. ఫోను చేస్తే అంబులెన్సు ఇరవై నిమిషాల్లో వచ్చింది. మహబూబాబాద్ దాకా నేనూ ఎక్కాను. దారిలో కమలాబాయి కూడా రెండుసార్లు వాంతి చేసుకుంది. బండి కుదుపుకనుకున్నాను.

దవాఖానలో డాక్టరమ్మ అనిత కళ్లలోకి టార్చి వేసి చూసి, బట్టలు వాసన చూసి, మాతో మొదట అన్న మాట ఒకటే. “ఏ మందు తాగింది? డబ్బా తెచ్చారా?”

“మందేంది?” అంది కమలాబాయి.

“పురుగుల మందు. దాచకండి, ఏది తాగిందో తెలిస్తే మాకు సులువవుతుంది.”

“నా కోడలు మందెందుకు తాగుతది? పప్పు తిన్నది. నేను వండిన, నేను పెట్టిన.”

డాక్టరమ్మ లోపలికి పరుగెత్తింది. ఆమెను అనడానికి ఏమీ లేదు. ఆ వార్డులో పత్తీ మిర్చీ కాలంలో మందు తాగినవాళ్లు లేని వారముండదు. విరుగుడు సూదులు వెంట వెంట వేశారు. సాయంత్రానికి అమర్‌సింగ్ వచ్చాడు. కానిస్టేబుల్ ఒకాయన కాగితం పట్టుకుని అతన్ని పక్కకు పిలిచి, ఇంట్లో గొడవలున్నాయా, కొట్టావా, అత్త పోరు పెట్టిందా అని అడిగాడు. అమర్‌సింగ్ గోడకానుకుని కూర్చుండిపోయాడు.

అనిత బతికింది. మూడో రోజు కడుపులో కదలిక ఆగిపోయింది. నొప్పులు రప్పించి తీశారు. మగపిల్లవాడు. రెండు కిలోల ముప్పావు. అన్ని వేళ్లూ, గోళ్లూ, తలనిండా జుట్టు. అంత బరువు పిల్లవాడిని ఈ ఎనిమిదేళ్లలో ఈ తండాలో నేను మూడుసార్లే చూశాను. నర్సు చేతుల్లోంచి కమలాబాయి అందుకుంది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. వాడి కడుపు మీద చెయ్యి వేసి, “మంచిగ తిన్నడు” అంది. నేను బయటికొచ్చి నీళ్ల ట్యాంకు వెనక నిలబడి ఏడ్చాను.

అంబులెన్సులో ముసలామె వాంతులు నాకు ఆ రోజే తట్టాయి. డాక్టరమ్మతో చెప్పాను. కూర మీద మందు ఉండొచ్చని ఆమె ఒప్పుకుంది. మిగిలి ఉంటే తెమ్మంది. ఎక్కడిది, ఆ గిన్నె సరోజ ఆనాడే బూడిద పెట్టి తోమి బోర్లించింది. కాగితం మీద మాత్రం పురుగుల మందు అన్న మాట ఉంది. తండాకు ఆ ఒక్క మాట చాలు. అనిత తిరిగి ఇంటికి రాకముందే అనిత మందు తాగిందన్న కబురు వచ్చేసింది. ఎందుకు తాగిందన్నదానికి నోటికొక కథ.

కమలాబాయిని అడిగాను. “అవ్వా, ఆనాడు కూర ఏడ తెంపినవ్?”

“కాలువ అవతల ఉపేందర్ తోటల. ఎందుకు?”

“ఆకు చూసినవా?”

“చూడకుంట తెంపుతనా? ప్రతి ఆకుకూ చిల్లున్నది.” గొంతు తగ్గించింది. “నా ఆకు మంచిదే టీచరమ్మా. మరి మందు ఏడికెల్లి వచ్చింది? పోరి నాకు చెప్పకుంట…” అని ఆపేసింది. దవాఖానలో డాక్టరమ్మతో కొట్లాడిన మనిషి ఈమేనా అనిపించింది. కోడలి మీద అనుమానం పుట్టేసింది. ఆకు మీద పుట్టలేదు.

నేను ఉపేందర్ తోటకు పోయాను. గట్టు మీద కూర్చుని పైపు సరిచేసుకుంటున్నాడు. కాస్త మర్యాదస్తుడే. గురువారం మందు కొట్టించావా అని అడిగాను.

“కొట్టించిన. పొద్దుగాల ఏడింటికి మొదలువెడితే తొమ్మిదింటికి అయిపోయింది. రెండు మందులు కలిపి కొట్టించిన, తామర పురుగు దేనికీ లొంగుతలేదు.”

“తొమ్మిదింటికి అయిపోయినంక కమలవ్వ వచ్చి కూర తెంపుకపోయింది.”

ఆయన చేతిలో పైపు జారింది. “నేనాడ లేను. ఆమె అడగలే… అసలు కూరకు ఎవరడుగుతరు? ఎవరు చెప్తరు?” తర్వాత లేచి నిలబడి, “పిల్ల ఎట్లున్నది?” అన్నాడు. చెప్పాను. తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు.

ముందురోజు దాకా పురుగు తిన్న ఆకు. పొద్దున మందు పడితే పురుగు చచ్చి రాలిపోతుంది. చిల్లు ఎక్కడికి పోతుంది? కమలాబాయి ఏళ్ల తరబడి నమ్మిన గుర్తు ఆ పూట ఆమెను మోసం చేసింది. ఆమెను ఆ చేనులోకి తోలింది ఎవరు? దినాం తినాలె, ఒక్క దినం కూడా తప్పొద్దు అని వేలు చూపించి చెప్పిన నేను. ఆ సంగతి తెలిసి కూడా ఆరు రోజులు నోరు విప్పలేదు. విప్పితే ఆ ముసలామె బతకదనిపించింది. నాకు భయమేసింది. మందు డబ్బా లేని ఇల్లు ఆ తండాలో లేదు.

విప్పకపోతే ఏమవుతుందో ఏడో రోజున తెలిసింది. పొద్దున సెంటర్ తాళం తీస్తుంటే, అనితను తీసుకుపోవడానికి రేగొండ నుంచి తండ్రి వచ్చాడని సరోజ చెప్పింది. హరిలాల్ తీర్పు అయిపోయిందట. కడుపులో బిడ్డను చంపుకున్న ఆడది ఈ ఇంటికొద్దన్నాడట. తాళం చెవి సరోజ చేతిలో పెట్టి ఉరికాను.

వాకిట్లో హరిలాల్ మంచం మీద ఉన్నాడు. అనిత తండ్రి నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. అమర్‌సింగ్ ట్రాక్టర్ చక్రానికి ఆనుకుని ఎటో చూస్తున్నాడు. అనిత గోడ పక్కన బట్టల సంచి మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. పాలు పడి రవికె రెండు పక్కలా తడిసిపోయింది. దాన్ని కొంగుతో కప్పుకోవాలన్న ధ్యాస కూడా ఆ పిల్లకు లేదు. కమలాబాయి గడపలో ఉంది.

“అనిత మందు తాగలే” అన్నాను. ఆయాసంతో మాట సరిగా రాలేదు. “ఆనాడు పొద్దుగాల ఉపేందర్ తోటల మందు కొట్టిన్రు. ఆయిననే చెప్పిండు. కూర మీద మందున్నది. కమలవ్వకు గూడ దారిల వాంతులైనయి, నేను చూసిన. పోరిని గిట్ల తోలుడు పాపం.”

హరిలాల్ నా వైపు చూడను కూడా లేదు. “యాభై యేండ్ల సంది కమల తెచ్చిన కూర తిని ఈ తండాల ఒక్కరికి కడుపునొప్పి రాలే. కమల ఆకు చూడకుంట తెంపుతదా? నువ్వు చెప్పు కమలా. మందు పడ్డ ఆకును నువ్వు గుర్తు పట్టవా?”

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ఊరుకుంటే చాలు. గుర్తు పడతానంటే ఆమె పేరు నిలుస్తుంది, సంచి ఆటో ఎక్కుతుంది. ఆమె గడపలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది. నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

“వాసన వచ్చింది బావా” అంది. వాళ్ల లంబాడీ భాషలోనే అంది. ఇన్నేళ్లలో ఆ మాత్రం నాకు అర్థమవుతుంది. “కూర కడిగేటప్పుడు వచ్చింది. అప్పటికి వారం దినాల సంది మందు కలుపుతున్న. తానం జేసినా పోదు. బుక్క నోట్లె పెట్టుకున్నా గదే వాసన, పండుకున్నా గదే వాసన. నా చేతులదనుకున్న. రెండుసార్లు కడిగితే గూడ వస్తుండె. నా చేతులదే అనుకుని పొయ్యి మీద పెట్టిన. పోరిని ఏమనకున్రి. పెట్టింది నేను.”

హరిలాల్ మంచం మీద నుంచి లేచాడు. అమర్‌సింగ్ రెండు చేతులతో తల పట్టుకుని కింద కూర్చున్నాడు. అనిత తండ్రి తువ్వాల దులుపుకున్నాడు. కమలాబాయి వచ్చి కోడలి ముందు కూలబడింది. కానీ ముట్టుకోలేదు. చేతులు రెండూ వెనక్కి దాచుకుంది.

అనిత ఆ చేతుల కోసం వంగి, వెనక నుంచి లాగి తన ఒళ్లోకి తెచ్చుకుంది. దవాఖాన నుంచి వచ్చాక ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడిందే లేదు.

“నాకు గూడ వచ్చింది అత్తా” అంది. “మొదటి బుక్కకే చేదున్నది. నువ్వు ఎదురుంగ కూసున్నవని తిన్న.”